ఆర్థో వార్డులో నైట్ డ్యూటీ: దుప్పటి తీసి వేళ్ళు చూడండి

మీరు అడిగింది ఇది: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) తర్వాత ఏడాది మెడికల్ వార్డులో చేశారు, వచ్చే నెల నుంచి ఆర్థోలో నైట్లు. 32 పడకలు, ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక ఆయా, ఒక వార్డు బాయ్, ఫోన్ చేస్తే వచ్చే పీజీ డాక్టరు. "ఎముకల వార్డులో రాత్రి పెద్ద పనేముంటుంది, నొప్పి ఇంజెక్షన్లు ఇస్తే చాలు" అని సీనియర్లు అంటున్నారట, నిజమేనా అని.

సగమే నిజం. ఇంజెక్షన్లు ఇవ్వాల్సిందే. కానీ ఈ వార్డులో ఇంజెక్షన్‌కి లొంగని నొప్పే మీకు అందే మొదటి కబురు. దాన్ని ఇంకో ఇంజెక్షన్‌తో నోరు మూయిస్తే పొద్దుటికి ఒక కాలు పోవచ్చు. మిగతా పనులన్నీ ఏ వార్డులోనైనా ఉండేవే, కాబట్టి ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

రాత్రి 8కి చార్జ్ తీసుకునేది కౌంటర్ దగ్గర కాదు, మంచం మంచం తిరుగుతూ. చేతిలో టార్చ్ ఉండాలి. మూడు రకాల వాళ్ళ పేర్ల పక్కన గుర్తు పెట్టుకోండి: ఈ రోజు ఆపరేషన్ అయినవాళ్ళు, 48 గంటల లోపు దెబ్బ తగిలి స్లాబ్‌లోనో (ఒక వైపే ఉండే ప్లాస్టర్ పలక) పీఓపీలోనో (చుట్టూ వేసే ప్లాస్టర్ కట్టు) ఉన్నవాళ్ళు (అందులోనూ మోకాలి కింద ఎముక, ముంజేయి, పిల్లల్లో మోచేయి విరిగినవాళ్ళు), తుంటి విరిగిన ముసలివాళ్ళు. వీళ్ళ కాలో చెయ్యో దిగిపోయే సిస్టర్, మీరు ఇద్దరూ కలిసి చూడాలి. "పాదం పైకి లేపుతున్నాడు" అన్నది ఇద్దరి కళ్ళ ముందు తేలాలి. లేకపోతే అర్ధరాత్రి పాదం వాలిపోయి కనిపించినప్పుడు అది ఆపరేషన్‌కి ముందే ఉందా, ఇప్పుడు వచ్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు.

చూడడం ఎలాగంటే, ముందు బాగున్న కాలు, తర్వాత దెబ్బతిన్న కాలు. గోరు నొక్కి తెల్లబడ్డాక వదలండి, 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఏసీ చల్లగా ఉంటే రెండు కాళ్ళలోనూ ఆలస్యమవుతుంది, పోల్చి చూడడం అందుకే. గోరింటాకు, గోళ్ళ రంగు ఉంటే వేలి కొన మెత్తటి భాగం నొక్కండి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో దూది తాకించి అడగండి, అరికాలిలోనూ అడగండి. పాదం పైకి లేపమనండి, కిందికి తొక్కమనండి. చేతిలో అయితే మూడు పనులు చాలు: బొటనవేలు పైకెత్తి చూపడం రేడియల్ నరానికి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టడం మీడియన్‌కి, వేళ్ళు విడదీయడం అల్నార్‌కి. మోచేయి విరిగిన నాలుగేళ్ళ పిల్లాడు ఇవేవీ చెయ్యడు. వాడితో రాయి, కాగితం, కత్తెర ఆడండి. రాయి మీడియన్, కాగితం రేడియల్, కత్తెర అల్నార్. చివర్లో సున్నా కూడా చుట్టిస్తే పరీక్ష అయిపోయినట్టే.

ముప్పు ఎక్కువున్న వాళ్ళకి మొదటి 24 గంటలు గంటకోసారి, తర్వాత 4 గంటలకోసారి. మీ ఆసుపత్రి ప్రోటోకాల్ వేరుగా ఉంటే దాన్నే పాటించండి. స్పైనల్ (నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చిన మనిషికి కొన్ని గంటలు రెండు కాళ్ళూ కదలవు. అప్పుడు "కదలిక లేదు" అని కాకుండా "స్పైనల్ ఇంకా దిగలేదు, రెండు కాళ్ళూ కదలడం లేదు" అని రాయండి. ఒక కాలు తేరుకుని గంటా రెండు గంటలైనా రెండోది తేరుకోలేదంటే ఫోన్ చెయ్యాలి. నరం బ్లాక్ (ఆ కాలికో చేతికో మాత్రమే మత్తు) ఇచ్చి ఉంటే తిమ్మిరి తెల్లవార్లూ ఉండొచ్చు. ఆ రాత్రంతా నొప్పి అనే కాపలాదారు నిద్రపోతున్నట్టే కాబట్టి వాపు, బిగువు మీరే పట్టుకోవాలి.

ఇక కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. పిక్కలోని కండరాలు సాగని సంచుల్లో ఉంటాయి. లోపల రక్తం, వాపు చేరే కొద్దీ ఒత్తిడి పెరిగి ముందు సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. పెద్ద ధమనిలో ఒత్తిడి అంతకంటే ఎక్కువ కనుక పాదం దగ్గర పల్స్ మాత్రం చివరిదాకా అందుతూనే ఉంటుంది. "పల్స్ ఉంది, పర్లేదు" అన్న మాట ఎన్ని కాళ్ళ మీదికి తెచ్చిందో. పల్స్ పోయేదాకా, పాదం పాలిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. 6 గంటల ప్రాంతంలోనే కండరం శాశ్వతంగా దెబ్బతినడం మొదలవుతుంది.

దగ్గరగా చూద్దాం. 25 ఏళ్ళ కుర్రాడు, నిన్న సాయంత్రం బైకు పడింది, కుడి టిబియా (మోకాలి కింద పెద్ద ఎముక) విరిగింది, స్లాబ్ వేశారు. రాత్రి 9కి నొప్పి మందులు పారాసెటమాల్, ట్రమడాల్ రెండూ వెళ్ళాయి. 11.30కి వాళ్ళ అమ్మ కౌంటర్‌కి వచ్చి "ఇంకో సూది వెయ్యమ్మా, పిల్లాడు తట్టుకోలేకపోతున్నాడు" అంటుంది. ఇక్కడ చెయ్యి ఇంజెక్షన్ ట్రే వైపు వెళ్ళకూడదు. లేచి వెళ్ళి దుప్పటి తీయండి. కాలి వేళ్ళు మీ చేత్తో మెల్లగా కిందికి వంచండి. పిక్క ముందు భాగంలో ప్రాణం పోయేంత నొప్పి వస్తే, వేళ్ళ సందులో స్పర్శ మందగిస్తే, కట్టు అంచున చర్మం బిగిసి మెరుస్తుంటే ఇంకో గుర్తు కోసం చూడక్కర్లేదు. ఫోన్‌లో చెప్పేది ఇలా ఉండాలి:

"సర్, 14వ బెడ్, 25 ఏళ్ళు, కుడి టిబియా, నిన్న సాయంత్రం దెబ్బ, మోకాలి పైదాకా స్లాబ్. 9 గంటలకు పారాసెటమాల్ 1 గ్రాము, ట్రమడాల్ 100 ఇచ్చాం. ఇప్పుడు నొప్పి 10కి 9. వేళ్ళు వంచితే అరుస్తున్నాడు, మొదటి సందులో స్పర్శ తగ్గింది, పల్స్ ఉంది. బీపీ 110/70. కంపార్ట్‌మెంట్ అని అనుమానం. కట్టు విప్పమంటారా? మీరు వెంటనే వచ్చి చూడాలి."

"14వ బెడ్ పేషెంట్‌కి నొప్పిగా ఉంది సర్" అని మాత్రమే చెబితే నిద్రలో ఉన్న డాక్టరు "ఇంకో ట్రమడాల్ ఇవ్వండి సిస్టర్" అంటాడు. అది ఆయన తప్పనుకోను, మనం ఇచ్చిన సమాచారానికి వచ్చే జవాబే అది.

కట్టు విప్పమన్నాక సగం పని చేసి ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. పైన రోలర్ బ్యాండేజీ కోసి లోపలి దూదిని వదిలేస్తారు. నెత్తురు తడిసి ఎండిన దూది అట్టలా బిగుస్తుంది, పిసికేది అదే. పై నుంచి కింది దాకా, చర్మం కనిపించే దాకా, ఒక్క పోగు అడ్డం లేకుండా కోయాలి. మొత్తం పీఓపీ అయితే రంపం కావాలి, అది తెలిసినవాళ్ళ పని. ఈలోగా కాలు గుండె ఎత్తులోనే ఉండాలి. రెండు మూడు దిండ్లు పెట్టి ఎత్తితే వాపు తగ్గుతుందన్నది మామూలు వాపుకి సరే, ఇక్కడ మాత్రం అసలే అందని రక్తం ఇంకా తగ్గుతుంది. ఐస్ వద్దు. బీపీ పడిపోనివ్వొద్దు. నోటికి ఏమీ ఇవ్వొద్దు, కొబ్బరి నీళ్ళు కూడా, ఎందుకంటే గంటలో ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) వెళ్ళొచ్చు. పావుగంటలో ఎవరూ రాకపోతే ఆ పై డాక్టరుకి, నైట్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, ఎన్నింటికి ఎవరికి చేశారో కేస్ షీట్‌లో రాయండి. అవతల వాళ్ళకి కోపం వస్తే రానివ్వండి.

పుత్తూరు కట్టు వేయించుకుని వచ్చినా, మన దగ్గరే పీఓపీ వేసినా, వాచే కాలికి ఏ బిగువైనా బిగువే. అది మందుల కట్టా మామూలు కట్టా అన్న వాదన పొద్దున పెట్టుకోవచ్చు. ఇంకా చిన్న బిగువులు ఉంటాయి: మెట్టెలు, ఉంగరాలు, గాజులు, చేతికి కట్టిన తాయెత్తు, చీలమండకి దిష్టి తగలకుండా కట్టిన నల్ల దారం. స్లాబ్ కింద ఉండిపోయిన నల్ల దారం రాత్రికి రాత్రి చర్మంలోకి కోసుకుపోతుంది. అడ్మిషన్ రోజే తీయించండి. మెట్టె ఇరుక్కుంటే సబ్బు నీళ్ళు రాయండి, రాకపోతే వేలికి కొన నుంచి దారం దగ్గరగా చుట్టి వాపు నొక్కి మెట్టె జరపొచ్చు. విరిగిన వేలి మీద ఈ పని చెయ్యకండి, రింగు కట్టరే వాడాలి. సెంటిమెంటు పేరుతో ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే "వేలు ఉంటే మళ్ళీ పెట్టుకోవచ్చమ్మా" అంటే చాలావరకు వింటారు. తీసిన బంగారం, వెండి ఎవరి చేతికిచ్చారో సంతకం తీసుకోండి.

ట్రాక్షన్ (విరిగిన కాలిని తాడుతో, బరువుతో లాగి ఉంచడం) పేషెంట్లని రాత్రిపూట ఎవరూ పట్టించుకోరు, బరువు వేలాడుతోంది కదా అని. అసలు వేలాడుతోందా అన్నదే ప్రశ్న. మనిషి నిద్రలో కిందికి జారి పాదం పుల్లీని తన్నుకుంటే, లేదా తాడు ముడి పుల్లీలో ఇరుక్కుంటే, లేదా బరువు నేలకి ఆనితే లాగుడు సున్నా. మంచం కాళ్ళ వైపు దిమ్మెలు పెట్టి ఎత్తేది ఆ మనిషి శరీర బరువే ఎదురు లాగడానికి. ఊడ్చేటప్పుడు ఆ దిమ్మెలు తీసి మళ్ళీ పెట్టడం మర్చిపోతారు, చూసుకోండి. చర్మానికి అంటించే ట్రాక్షన్‌కి 5 కిలోలు దాటకూడదు, దాటితే చర్మం ఊడి వస్తుంది. పిన్ను వేసిన దానికి డాక్టరు రాసినంత, తొడ ఎముకకి శరీర బరువులో పదో వంతు దాకా సాధారణం. ఇటుకలు కట్టే చోట ఒక్కో ఇటుక ఒక్కో బరువు, కాబట్టి ఒకసారి తూకం వేసి సుద్దతో రాసి పెట్టండి.

బెడ్‌పాన్ పెట్టడానికి బరువు ఎత్తిపట్టుకోవడం బంధువులు ప్రేమతో చేసే పని. వదిలెయ్యగానే ఎముక ముక్కలు కదిలి కేక పెడతాడు. పిన్ను ట్రాక్షన్‌లో బరువు అసలు ఎత్తొద్దని వాళ్ళకి సాయంత్రమే చెప్పండి. బాగున్న మోకాలు మడిచి, పైన వేలాడే పట్టీ పట్టుకుని నడుము లేపితే బాగున్న వైపు నుంచి బెడ్‌పాన్ జారుతుంది. లేచిన ఆ నాలుగు సెకన్లలోనే వీపు కింద, పిరుదుల కింద చూసెయ్యండి. బీబీ స్ప్లింట్‌లో (కాలు ఆనించే ఇనుప చట్రం) కాలు బయటికి వాలితే మోకాలి కింద బయటి వైపు ఎముక బుడిపె కమ్మీకి ఒత్తుకుంటుంది. దాని మీదుగా పోయే నరం గట్టిగా ఒత్తుకుంటే కొద్ది గంటల్లోనే పాదం వాలిపోతుంది. అక్కడ దూది ప్యాడ్ ఉండాలి, బొటనవేలు పైకప్పు చూస్తుండాలి. మడమ కింద కాదు, పిక్క కింద దిండు పెట్టి మడమని గాల్లో ఉంచండి.

తడి పీఓపీ గురించి రెండు మాటలు. ఎండడానికి మందాన్ని బట్టి 24 నుంచి 72 గంటలు పడుతుంది. అరచేతులతో పట్టుకోవాలి, వేళ్ళతో పట్టుకుంటే లోపల గుంటలు పడి అక్కడే పుండు లేస్తుంది. దుప్పటి కప్పితే వేడి లోపలే ఉండి చర్మం కాలొచ్చు.

ముసలివాళ్ళ దగ్గరికి వద్దాం. పగలు చక్కగా మాట్లాడిన 78 ఏళ్ళ మామ్మ రాత్రి 1 గంటకు "గేదెకి గడ్డెయ్యాలి" అంటూ క్యాన్యులా పీకి మంచం దిగబోతుంది. "వయసైపోయింది, చాదస్తం" అని చేతులు కట్టేయడం, నిద్ర తెప్పించే అలర్జీ మందులు అవిల్ లేదా ఫెనార్గన్ ఇప్పించడం రెండూ పరిస్థితిని చెడగొడతాయి. ఇది డెలీరియం (హఠాత్తుగా వచ్చే మతి తికమక), వెనక కారణం ఉంటుంది. ముందు ఆక్సిజన్ సాచురేషన్ చూడండి, తర్వాత షుగర్, తర్వాత పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి మూత్రాశయం నిండిందేమో చూడండి. స్పైనల్ తర్వాత 6 నుంచి 8 గంటలైనా మూత్రం పోయకపోతే ఇది మామూలే, ట్యూబ్ వేస్తే మామ్మ పావుగంటలో నిద్రపోతుంది. తర్వాత నొప్పి, మలబద్ధకం, జ్వరం, సోడియం. కళ్ళద్దాలు, చెవి మిషన్ ఇచ్చి, కొడుకునో కూతురినో పక్కన కూర్చోబెట్టి, ఒక చిన్న లైటు వెలిగించి ఉంచండి. ఇంతకంటే ప్రమాదం అరవని డెలీరియం. తినకుండా, పలక్కుండా గోడ చూస్తూ పడుకున్న తాతని "ఇబ్బంది పెట్టని పేషెంట్" అనుకుంటాం.

తుంటి కీలు మార్చిన వాళ్ళకి, వెనక వైపు నుంచి చేసిన ఆపరేషన్ అయితే, కాళ్ళ మధ్య దిండు ఉండాలి, తుంటి 90 డిగ్రీలకి మించి వంగకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు. తెల్లవారుజామున తాతని బంధువులు మామూలు బాత్రూమ్‌కి తీసుకెళ్ళి గొంతుక్కూర్చోబెట్టడంతోనే కీలు జారుతుంది. "టక్" మన్నట్టు అయి, కాలు పొట్టిగా, లోపలికి తిరిగి ఉంటే సరిచేయబోకండి, కదలకుండా ఉంచి ఫోన్ చెయ్యండి.

మందుల్లో ఒక లెక్క. నరానికి ఎక్కించే పారాసెటమాల్ సీసా 100 ఎంఎల్‌లో 1000 మిల్లీగ్రాములు. 50 కిలోల లోపు మనిషికి డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. 40 కిలోల మామ్మకి 600, అంటే 60 ఎంఎల్. మన వార్డుల్లో సీసా మొత్తం ఎక్కించేస్తుంటారు. దానికి తోడు అల్ట్రాసెట్ లాంటి మాత్రలో కూడా పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలో కలపాలి. ట్రమడాల్ గబుక్కున తోస్తే వాంతి వచ్చే అవకాశం ఎక్కువ, ట్రాక్షన్‌లో వెల్లకిలా ఉన్నవాడికి వాంతి అంటే ఊపిరితిత్తుల్లోకే. 100 ఎంఎల్ సెలైన్‌లో అరగంట పట్టేలా ఇవ్వండి, రోజుకి 400 మిల్లీగ్రాములు దాటొద్దు, ఫిట్స్ చరిత్ర ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. నొప్పి మందు తర్వాత "హాయిగా నిద్రపోతున్నాడు" అని రాసే ముందు నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. 10 కంటే తక్కువై, పిలిస్తే పలకకపోతే అది నిద్ర కాదు. ఆక్సిజన్ పెట్టి, గట్టిగా తట్టి లేపుతూ డాక్టరుని పిలవండి, నాలాక్సోన్ (ఇలాంటి నొప్పి మందుల మత్తుకి విరుగుడు) ట్రేలో సిద్ధం చేయండి.

తొడ ఎముక విరిగిన కుర్రాడు రెండో రాత్రో మూడో రాత్రో తికమకగా మాట్లాడుతుంటే వార్డంతా "తాగుడు మానేశాడు కదా, అదే" అంటుంది. కావచ్చు. చేతుల వణుకు, చెమట, లేనివి కనబడడం తాగుడు మానిన లక్షణాలే. కానీ దెబ్బ తగిలిన 24 నుంచి 72 గంటల మధ్య ఊపిరి వేగం పెరిగి, సాచురేషన్ 90కి అటూఇటూ ఆడుతూ, చంకలోనో ఛాతీ మీదో కంటి రెప్పల లోపలో ఎర్రటి చిన్న చుక్కలు కనిపిస్తే ఫ్యాట్ ఎంబాలిజం (ఎముకలోని కొవ్వు రక్తంలో చేరి ఊపిరితిత్తుల్లో అడ్డుపడడం) గుర్తుకు రావాలి. చుక్కలు అందరికీ రావు. కాబట్టి తికమక పడుతున్న ప్రతివాడికీ సాచురేషన్ మిషన్ పెట్టాకే తాగుడు సంగతి మాట్లాడండి.

రేపటి ఓటీ లిస్టు రాత్రే చూసుకోవాలి. ఘనాహారం 6 గంటలు, తేటనీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. పేషెంట్‌కి చెప్తే సరిపోదు, తెల్లవారుజామున అటెండెంటు మారతాడు, కొత్తగా వచ్చినవాడు ఫ్లాస్కులో కాఫీ తెచ్చి తాగించేస్తాడు. మంచానికి బోర్డు కట్టండి. షుగర్ పేషెంట్‌కి ఖాళీ కడుపు మీద మామూలు ఇన్సులిన్ వెయ్యబోకండి, రాత్రే డాక్టరుతో రాయించుకోండి, 2-3 గంటల మధ్య ఒకసారి షుగర్ చూడండి. ఆపరేషన్ ముందు యాంటీబయాటిక్ సెఫజోలిన్ అయితే కోత పెట్టే ముందు గంటలోపు వెళ్ళాలి. పొద్దున 5కి వార్డులో పని తేలిపోతుందని ఇచ్చేస్తే, కేసు 11కి ఎక్కినప్పుడు ఆ డోసు ఉన్నా లేనట్టే. సీసా ఓటీకి పంపండి. బ్లేడుతో రాత్రే వెంట్రుకలు తీయడం కూడా మానాలి. కంటికి కనపడని గాట్లలో తెల్లారేసరికి క్రిములు చేరతాయి. తప్పదంటే క్లిప్పరుతో, ఓటీకి వెళ్ళే ముందు.

మీ సంగతి చివర్లో చెప్తున్నానని చిన్నదనుకోకండి. 3 నుంచి 5 మధ్య మెదడు సగమే పనిచేస్తుంది, ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) లాంటివి ఆ సమయంలో ఇవ్వాల్సివస్తే రెండో సిస్టర్‌తో చూపించి ఇవ్వండి. వంతులవారీగా 20 నిమిషాల కునుకు తీసే వీలుంటే 2 గంటల ప్రాంతంలో తీయండి. కాఫీ 3 దాటాక వద్దు, పగటి నిద్ర పాడవుతుంది. అర్ధరాత్రి బిర్యానీ కంటే పెరుగన్నం మేలు. పేషెంట్‌ని పైకి జరపాల్సివస్తే ఒంటరిగా చంకల కింద చేతులేసి లాగొద్దు. మంచం ఎత్తు పెంచి, కింద దుప్పటి నాలుగు మూలలా నలుగురు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని జరపాలి. ఆర్థో నర్సుల నడుములు పోయేది ఇక్కడే. పొద్దున 8.30కి స్కూటీ తాళం తీసేటప్పుడు కళ్ళు మండుతుంటే స్టాఫ్ రూమ్‌లో అరగంట పడుకుని వెళ్ళండి, లేదా ఆటో ఎక్కండి. ఇంట్లో కిటికీకి మందపాటి తెర వేసి, ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి.